బిల్లు రాసే చెయ్యి



మన వర్తక సంఘంలో ఎవరి పేరున ఏటా ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ పెద్దాయన బతికినన్నాళ్లూ చిన్న కొట్ల లెక్కలు రాశారు. విజయవాడ వన్‌టౌన్‌లో పొద్దున ఒక కొట్టు, మధ్యాహ్నం ఇంకో కొట్టు, దీపాలు పెట్టాక మరొకటి. చిట్టా, ఆవర్జాలతో మొదలుపెట్టారు. అమ్మకం పన్ను చూశారు, వ్యాట్ చూశారు, జీఎస్టీ వచ్చాక కంప్యూటర్ ముందు కూర్చోవడమూ నేర్చుకున్నారు. నాలాంటి వాళ్లెందరికో లెక్కలు నేర్పింది ఆయనే. కొత్తగా పనిలో చేరిన కుర్రాడి చేతికి బిల్లు పుస్తకం ఇచ్చి ఆయన చెప్పే మొదటి మాట ఒకటే: పన్ను అని రాసిన గడిలో ఉన్న డబ్బు మన యజమానిది కాదు, గల్లాపెట్టెలో పడినా కాదు.

ఆ మాటకు రెండో వైపు కూడా ఉంది. ఈ రోజు దాని గురించే మాట్లాడాలనుకుంటున్నాను. ఆ డబ్బు యజమానిది కానప్పుడు, దాన్ని కొన్నవారి దగ్గర వసూలు చేసి, లెక్క రాసి, దాచి, గడువులోగా ప్రభుత్వానికి చేర్చే పని అతను ఎవరి కోసం చేస్తున్నట్టు? ప్రభుత్వం కోసం. జీతం లేదు, కమీషన్ లేదు, తప్పు జరిగితే జరిమానా మాత్రం ఉంది. ఇంత పని చేయించుకుంటున్న చట్టం అతనికి తిరిగి కొన్ని బాకీ పడింది. ఆ బాకీలేమిటో చెప్పడానికే వచ్చాను.

ఈ భారం కొట్టువాడి నెత్తి మీదకు ఎప్పుడొచ్చిందో ముందు రెండు మాటలు. వస్తువుల అమ్మకం మీద పన్ను వేసే అధికారం 1935 భారత ప్రభుత్వ చట్టంతో రాష్ట్రాలకు వచ్చింది. దేశంలో మొదటి సాధారణ అమ్మకం పన్ను మన మద్రాసు రాష్ట్రంలోనే, 1939లో, రాజాజీ ప్రభుత్వం తెచ్చింది. కారణం మద్యనిషేధం. 1937లో సేలం జిల్లాలో మొదలుపెట్టి, మరుసటి ఏడాది చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించారు. కల్లు, సారాయి రాబడి పోయింది. ఆ గండి పూడ్చడానికి అమ్మకం మీద పన్ను వచ్చింది. అప్పటి చట్టం చిన్నవాణ్ణి గుర్తుపెట్టుకుంది. ఏడాదికి పది వేల రూపాయల లోపు వ్యాపారానికి పన్ను లేదు. ఇరవై వేల దాకా అయితే నెలకు అయిదు రూపాయలు కట్టి ఊరుకోవచ్చు. అంతకు మించినవాడికే నూటికి అర్ధరూపాయి లెక్క. తరవాత 1957లో ఆంధ్రప్రదేశ్ సాధారణ అమ్మకం పన్ను చట్టం, 2005 ఏప్రిల్ నుంచి వ్యాట్, 2017 జూలై 1 నుంచి జీఎస్టీ. ఈ చరిత్ర మీకు తెలిసిందే, సాగదీయను.

సిద్ధాంతం కన్నా ఒక బిల్లు దగ్గర పెట్టుకుని చూడటం మేలు. విజయవాడలో ఇంట్లోనే పచ్చళ్లు పెట్టి అమ్మే ఒకామెను అనుకుందాం. ఆవకాయ, గోంగూర, ఎండుమిర్చి కారం, సున్నుండలు, అప్పడాలు. కిలో ఆవకాయ 420 రూపాయలు, పన్నుతో కలిపి. నమోదైన వ్యాపారి అనుకుంటే ఆమె రాయవలసిన బిల్లు ఎలా ఉండాలి?

పైన ఆమె పేరు, చిరునామా, పదిహేను అక్షరాల జీఎస్టీ నంబరు. అందులో మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి. ఆంధ్రప్రదేశ్‌కు 37, తెలంగాణకు 36. తరవాతి పది ఆమె పాన్ నంబరు. కింద బిల్లు నంబరు, తేదీ. నంబరు వరసగా ఉండాలి, పదహారు అక్షరాలు దాటకూడదు, ఆ ఆర్థిక సంవత్సరంలో అదే నంబరు రెండోసారి రాకూడదు. సరుకు పేరు, దాని రకాన్ని తెలిపే హెచ్‌ఎస్‌ఎన్ కోడ్, పరిమాణం, పన్నుకు ముందు విలువ, పన్ను రేటు, పన్ను మొత్తం, చివర సంతకం. మూడు ప్రతులు. ఒకటి కొన్నవారికి, ఒకటి సరుకు మోసుకెళ్లేవారికి, ఒకటి తనకు.

ఇక లెక్క. పచ్చళ్ల మీద పన్ను 5 శాతం కాబట్టి 420లో 5 శాతం 21 రూపాయలని చాలామంది రాసేస్తారు. అది తప్పు. 420 అంటే పన్ను కలిసిన ధర. దాన్ని 105తో భాగించి 100తో హెచ్చించాలి. అసలు విలువ 400, పన్ను 20. ఆ ఇరవైలో సగం కేంద్రానికి, సగం రాష్ట్రానికి, పది పది రూపాయలు, రెండు వేర్వేరు గడుల్లో. రూపాయి తేడానే కదా అనకండి. ఏడాదంతా ప్రతి సీసా మీదా ఆ రూపాయి కడుతూ పోతే అది ఆమె లాభంలోంచి పోతుంది.

ఇదే సీసా 2025 సెప్టెంబరు 22కు ముందు రాసి ఉంటే లెక్క వేరు. అప్పుడు పచ్చళ్ల మీద 12 శాతం. 420లో అసలు విలువ 375, పన్ను 45. రేటు తగ్గాక అదే 375 మీద 5 శాతం వేస్తే సీసా ధర 393 రూపాయల 75 పైసలు. 420 దగ్గరే ఉంచేసిన కొట్లలో తగ్గిన పన్ను కొన్నవారికి చేరలేదు. ఆవకాయ కొనే ఇల్లాలికి ఆ 26 రూపాయల పావలా దక్కాలన్నదే రేటు తగ్గించడంలో ఉద్దేశం. బిల్లు మీద పన్ను విడిగా కనిపిస్తేనే ఆమె ఈ ప్రశ్న అడగగలదు. మొత్తం ఒక్కటే రాసి చేతిలో పెట్టే కాగితం ఆ ప్రశ్నను పుట్టనివ్వదు.

అప్పడాల మీద పన్ను లేదు. కాబట్టి అవి అదే బిల్లులో ఉన్నా సున్నా రేటుతో వేరే వరసలో రాయాలి. సంక్రాంతికి ఆవకాయ, సున్నుండలు, అప్పడాలు ఒక పెట్టెలో సర్ది పెట్టెకు ఒకే ధర పెడితే మాత్రం చట్టం దాన్ని మిశ్రమ సరఫరా అంటుంది. అందులో ఎక్కువ రేటు దేనికుందో అదే మొత్తం పెట్టెకు పడుతుంది. విడిగా అమ్మితే పన్ను లేని అప్పడం పెట్టెలోకి ఎక్కగానే 5 శాతం మోస్తుంది. విశాఖపట్నం కొనుగోలుదారు దగ్గర కొరియర్ ఖర్చని 80 రూపాయలు తీసుకుంటే, అదీ సరుకు విలువలో భాగమే. దాని మీదా నాలుగు రూపాయల పన్ను వెయ్యాలి. ఇవన్నీ తెలియక ఎగ్గొట్టేవారే ఎక్కువ. తెలిసి ఎగ్గొట్టేవారు ఆ కొట్టులో కాదు, వేరేచోట ఉన్నారు.

ఇప్పుడు నమోదు సంగతి. సరుకులు మాత్రమే అమ్మేవారికి 2019 ఏప్రిల్ నుంచి పరిమితి ఏడాదికి 40 లక్షలు. ఆంధ్రప్రదేశ్ ఆ పరిమితిని తీసుకుంది. తెలంగాణ 20 లక్షల దగ్గరే ఆగింది. ఆంధ్ర వైపు జగ్గయ్యపేటలో 30 లక్షల వ్యాపారం చేసే పచ్చళ్ల కొట్టుకు నమోదు అక్కర్లేదు. హైదరాబాద్ హైవే మీద కాస్త ముందుకు పోతే తెలంగాణ వైపు వచ్చే కోదాడలో అంతే వ్యాపారానికి నమోదు తప్పదు. ఇంకో మెలిక. పచ్చళ్లతో పాటు ముందు గది అద్దెకిచ్చి ఆ అద్దె కొట్టు పేరున తీసుకుంటుంటే అది సేవ. అప్పుడు విజయవాడలోనూ పరిమితి 20 లక్షలకు దిగుతుంది. పన్ను లేని అప్పడాల అమ్మకం కూడా మొత్తం టర్నోవరులో కలుస్తుంది. ఒక్క అప్పడాలే అమ్మేవారు మాత్రం ఎంత అమ్మినా నమోదు కానక్కర్లేదు.

నమోదు కానివారు బిల్లు మీద పన్ను అనే మాటే రాయకూడదు. నంబరు లేకుండా "జీఎస్టీ 5 శాతం" అని చేర్చి వసూలు చేస్తే ఆ డబ్బు ప్రభుత్వానికి కట్టాలి, పైగా జరిమానా. ఇక కాంపోజిషన్ పథకంలో ఉన్నవారు, అంటే సరుకులు అమ్మేవారైతే కోటిన్నర లోపు టర్నోవరుతో నూటికి రూపాయి చొప్పున కట్టేవారు, కొన్నవారి దగ్గర పన్ను వసూలు చేయకూడదు. ఆ రూపాయి తమ జేబులోంచే పోవాలి. వారు ఇచ్చేది పన్ను బిల్లు కాదు, సప్లై బిల్లు. తాము కాంపోజిషన్ కింద ఉన్నామనీ, పన్ను వసూలు చేసే అర్హత లేదనీ దాని మీద అచ్చు వేయించాలి. కాంపోజిషన్ బోర్డు గోడకు తగిలించి, బిల్లులో 5 శాతం కలిపే భోజన హోటళ్లు మీరూ చూసే ఉంటారు. అక్కడ ప్రశ్నించడం కొన్నవారి హక్కు.

నన్ను అన్నిటికన్నా కలతపెట్టే మొదటి బాకీ సంగతి ఇక చెబుతాను. ఆమె పచ్చళ్లు బాగుంటాయని హైదరాబాద్‌లో కూకట్‌పల్లి నుంచి ఒకరు ఫోన్ చేసి రెండు కిలోల ఆవకాయ పంపమన్నారు. ఆమె టర్నోవరు ఎనిమిది లక్షలే అనుకోండి. నమోదు అక్కర్లేదు కదా, పంపేస్తుంది. పంపిన క్షణాన చట్టం దాటింది. వేరే రాష్ట్రానికి పన్ను పడే సరుకు అమ్మేవారు, టర్నోవరు ఎంత తక్కువైనా, నమోదు కావలసిందే. 40 లక్షల మినహాయింపు రాష్ట్ర సరిహద్దు దగ్గరే ఆగిపోతుంది. కాంపోజిషన్‌లో చేరదామంటే అదీ కుదరదు. ఆ పథకంలో ఉన్నవారు రాష్ట్రం దాటి అమ్మకూడదు.

2014 జూన్ 2కు ముందు విజయవాడ నుంచి హైదరాబాద్‌కు వెళ్లిన పచ్చడి ఒకే రాష్ట్రంలో అటు నుంచి ఇటు వెళ్లినట్టు. ఆవకాయ మారలేదు, తినేవారు మారలేదు, బస్సు పార్శిల్ ఆఫీసు కూడా అదే. కానీ ఆమె నెలనెలా ఆడిటరు గారికి ఫీజు కట్టి, రిటర్నులు వేయించి, ఆలస్యమైతే రోజుకింతని రుసుము కట్టాలి. లేదా ఆ హైదరాబాద్ ఆర్డరు వదులుకోవాలి. అప్పడాలు మాత్రం నిక్షేపంగా పంపవచ్చు, వాటి మీద పన్ను లేదు కనుక.

ఇందులో చట్టం తరఫు వాదన ఉంది, దాన్ని కాదనను. జీఎస్టీలో పన్ను సరుకు వాడుకున్న రాష్ట్రానికి చెందాలి. విజయవాడలో కొని విజయవాడలోనే తింటే పది కేంద్రానికి, పది ఆంధ్రకు. కూకట్‌పల్లికి పంపితే ఆ ఇరవై ఒకే గడిలో ఐజీఎస్టీ అని రాయాలి. అందులో రాష్ట్ర వాటా తెలంగాణకు చేరుతుంది. బిల్లు మీద రాష్ట్రం పేరు ఒక్కటి మారితే డబ్బు దారి మారిపోతుంది. కూకట్‌పల్లి ఆవిడే పెళ్లికొచ్చి కొట్టులో కొనుక్కుని, బిల్లు మీద చిరునామా రాయించకుండా సంచిలో పెట్టుకుని వెళ్తే, అది ఆంధ్రలో అమ్మకమే. 2023 అక్టోబరు నుంచి నియమం అదే. కాబట్టి నమోదు లేనివారు సరిహద్దు దాటి అమ్మితే గమ్యస్థాన రాష్ట్రానికి రావలసింది రాదని చట్టం భయం.

ఆ భయం నిజమే అయితే సేవలకెందుకు లేదు? హైదరాబాద్‌లో ఇంట్లో కూర్చుని బెంగళూరు కంపెనీకి వెబ్‌సైటు చేసిపెట్టే కుర్రాడు 20 లక్షల దాకా నమోదు లేకుండా రాష్ట్రం దాటి సేవ అమ్మవచ్చు. 2017 అక్టోబరులోనే ఆ వెసులుబాటు ఇచ్చారు. హస్తకళలకూ ఇచ్చారు. పాన్ నంబరు, ఈ-వే బిల్లు వంటి షరతులతో, ఒక పరిమితి దాకా, చేత్తో చేసిన వస్తువు సరిహద్దు దాటవచ్చు. కొండపల్లిలో చేత్తో చెక్కిన బొమ్మకు ఆ దారి ఉంది, విజయవాడలో చేత్తో కలిపిన ఆవకాయకు లేదు. ఆవకాయ పెట్టే ఆమె ఖజానాకు ఏమీ ఇవ్వడం లేదా? కారం మీద, నూనె మీద, సీసాల మీద ఆమె పన్ను కట్టే కొంటోంది. ప్లాస్టిక్ సీసా మీద 18 శాతం. నమోదు లేదు కాబట్టి అందులో ఒక్క పైసా తిరిగి రాదు. ఆమెను వదిలేస్తే గమ్యస్థాన రాష్ట్రానికి పోయేది బహు స్వల్పం. పట్టుకోవడం వల్ల ఆమె కోల్పోయేది హైదరాబాద్ మొత్తం.

రెండో బాకీ అరువు అమ్మకాలది. ఆమె వ్యాపారం పెరిగి నమోదైంది. ఒక పెద్ద సూపర్ మార్కెట్‌కు లక్ష రూపాయల సరుకు వేసింది. బిల్లు 1,05,000. డబ్బు తొంభై రోజులకు ఇస్తామన్నారు. కానీ పన్ను లెక్కకు తేదీ బిల్లు తేదీ, డబ్బు వచ్చిన తేదీ కాదు. మూడు నెలలకోసారి రిటర్ను వేసే పథకంలో ఉన్నా పన్ను మటుకు మరుసటి నెలలోనే కట్టాలి. ఆ అయిదు వేలు ఇంకా ఆమె చేతికి రానే లేదు. ఆలస్యమైతే ఏడాదికి 18 శాతం వడ్డీ. సూపర్ మార్కెట్ మాత్రం ఆమె బిల్లు పోర్టల్‌లో కనబడగానే ఆ అయిదు వేలను తాను కట్టాల్సిన పన్నులోంచి క్రెడిట్‌గా తగ్గించేసుకుంటుంది. ఆమెకు ఇవ్వని డబ్బు మీద తాను లాభపడుతుంది. 180 రోజులు దాటినా చెల్లించకపోతే ఆ క్రెడిట్ వెనక్కి ఇవ్వాలన్న నియమం ఉంది. కానీ ఆ వెనక్కి వచ్చిన డబ్బు పోయేది ప్రభుత్వానికి, ఆమెకు కాదు. ఆ సూపర్ మార్కెట్ దివాలా తీసి బాకీ ఎగిరిపోయినా ఆమె కట్టిన పన్ను తిరిగివ్వడానికి మన జీఎస్టీ చట్టంలో దారి లేదు.

బ్రిటన్‌లో వ్యాట్ కట్టే చిన్న వ్యాపారి కావాలనుకుంటే డబ్బు చేతికొచ్చాకే పన్ను కట్టే పద్ధతిలో చేరవచ్చు. ఆరు నెలలు దాటినా రాని బాకీ మీద కట్టిన పన్నును తిరిగి అడగవచ్చు. ఇవి అక్కడ దశాబ్దాలుగా నడుస్తున్నవి. మనకు 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ఉంది. సూక్ష్మ, చిన్న పరిశ్రమకు 45 రోజుల్లో చెల్లించాలి, లేకపోతే రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ. కాగితం మీద గట్టి చట్టమే. కానీ ఆర్డరు ఇచ్చినవాడి మీద ఫిర్యాదు పెట్టి మళ్లీ ఆర్డరు ఆశించే ధైర్యం ఎంతమందికి ఉంటుంది?

చట్టం బాకీలు ఇవి. మన వైపూ ఒక తప్పుంది. "బిల్లు కావాలా? బిల్లైతే పన్ను అదనం." ఈ మాట మన వీధుల్లో ఎంతగా స్థిరపడిందంటే కొన్నవారే ముందుగా "బిల్లొద్దులెండి, తగ్గించండి" అంటున్నారు. రెండు వందల రూపాయల లోపు అమ్మకానికి, కొన్నవారు అడగకపోతే, విడిగా బిల్లు ఇవ్వకపోయినా తప్పు లేదు. రోజు చివర అన్నిటికీ కలిపి ఒక బిల్లు రాస్తే చాలు. చట్టం అంత సులువు ఇచ్చింది. ఆ పైన కచ్చా చీటీతో అమ్మడం అలవాటైతే సరుకు కొనేదీ కచ్చా చీటీ మీదే అవుతుంది. అప్పుడు సరుకు పాడై వస్తే హోల్‌సేలరును అడగడానికి చేతిలో కాగితం ఉండదు. బ్యాంకు అప్పు అడిగితే చూపించడానికి వ్యాపారమే ఉండదు. పెద్దాయన లెక్కలు రాసిన కొట్లలో ఇలా బిల్లు లేని జీరో దందా జరిగేది కాదు. అందుకు కారణం భయం కాదు. తమ సరుకు మీద తమ పేరు, తేదీ, సంతకం ఉండాలన్న పట్టుదల.

భయంతో ఏమవుతుందో 2025 జూలైలో చూశాం. కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ వసూళ్లు చూసి చిన్న వ్యాపారులకు నోటీసులిచ్చింది. బెంగళూరులో టీ కొట్ల, బేకరీల ముందు క్యూఆర్ కోడ్ కాగితాలు పీకేసి నగదే ఇవ్వండని రాసిపెట్టారు. ఖాతాలో పడిన ప్రతి రూపాయీ అమ్మకం కాదు. బావమరిది తిరిగిచ్చిన అప్పు కూడా అదే క్యూఆర్ కోడ్ మీద పడుతుంది. అమ్మకానికి వేరే బ్యాంకు ఖాతా పెట్టుకోండని మీకు చెప్పగలను. కానీ ముందు వెళ్లి చెప్పవలసింది అధికారులు, చేతిలో నోటీసుతో కాదు.

జీఎస్టీ కౌన్సిల్‌లో ఆంధ్రప్రదేశ్‌కూ తెలంగాణకూ చెరో చోటుంది. మిగతా విషయాల్లో ఈ రెండు ప్రభుత్వాలకు ఎన్ని తగవులున్నా, ఈ రెండు కోరికలూ ఇద్దరు మంత్రులూ కలిసి అడగవచ్చు. ఒకటి, సేవలకూ హస్తకళలకూ ఇచ్చినట్టే 20 లక్షల లోపు అమ్మే చిన్న తయారీదారుకు సరిహద్దు దాటే వెసులుబాటు. రెండు, చిన్న వ్యాపారికి డబ్బు వచ్చాకే పన్ను, రాని బాకీ మీద కట్టిన పన్ను వాపసు. 2025లో కౌన్సిల్ రేట్ల సంఖ్య తగ్గించింది, మంచిదే. రేట్లు తగ్గితే కొన్నవారికి మేలు. ఈ రెండూ చేస్తే బిల్లు రాసేవారికి మేలు.

అంతదాకా మన చేతుల్లో ఉన్న పని ఒకటుంది. ఏప్రిల్ 1న అందరం కొత్త వరస నంబరుతో బిల్లులు మొదలుపెడతాం. దానికి ముందు మార్చిలో ప్రతి శనివారం సాయంత్రం ఈ హాల్లోనే ఒక బల్ల వేసి, ఇళ్లలో పచ్చళ్లు, పిండివంటలు చేసి, జాకెట్లు కుట్టి అమ్మే ఆడవాళ్లను పిలుద్దాం. ఎవరు నమోదు కావాలో, ఎవరికి అక్కర్లేదో, ఎవరు కాంపోజిషన్‌లో ఉండొచ్చో చూసి చెబుదాం. నమోదు కానివారి బిల్లు పుస్తకాల మీద పన్ను గడి అచ్చు కాకుండా చూద్దాం. ఫీజు తీసుకోవద్దు. ఈ సంఘంలో లెక్కలు తెలిసినవారు తక్కువ లేరు. పేర్లు ఇవ్వదలచినవారు సభ అయ్యాక కార్యదర్శిగారి దగ్గర రాయించండి, నా పేరు మొదట రాయించే వెళ్తాను.